సమస్య: చచ్చినట్టి చెక్క జననమిచ్చె

నిర్వాహకుడు, మల్లేశ్వరం: ఆటవెలది నాలుగో పాదం ఇది. బెంగళూరులో మన పిల్లలు సైన్సంతా ఇంగ్లీషులోనే చదువుతున్నారు. వాళ్లకు తెలుగులో చెప్పేలా, జీవకణాన్ని పిలిచే ‘సెల్’ అనే ఇంగ్లీషు మాట పుట్టుక మీద, ముందు మూడు పాదాలు రాసి పూరించండి.

జయనగర్ సభ్యురాలు:

హుక్కు బెండు కోసి యొకపొర పరికించె
గదుల వరుస లాగ కానిపించె
సెల్లటంచు పిలిచె, శాస్త్రపు మాటకు
చచ్చినట్టి చెక్క జననమిచ్చె

నిర్వాహకుడు: భావం చాలా బాగుందమ్మా. మూడో పాదంలో యతి తప్పింది. ‘సె’కు ‘శా’ హల్లు కుదిరినా అచ్చు కుదరదు. ‘జీవపు మాటకు’ అంటే యతీ నిలుస్తుంది, చావు పక్కన జీవం నిలబడి సమస్యకు బలమూ వస్తుంది. ‘లాగ’ బదులు ‘వోలె’ అనొచ్చు కానీ, పిల్లల కోసం కాబట్టి ‘లాగ’నే నాకిష్టం.

మారతహళ్లి సభ్యుడు: గురువుగారూ, బెండును చెక్క అనొచ్చా?

జయనగర్ సభ్యురాలు: అనొచ్చండీ. దాల్చినచెక్క బెరడే కదా! హుక్ కోసిన బెండు, అంటే కార్క్ కూడా, ఒక రకం ఓక్ చెట్టు బెరడే.

బయాలజీ లెక్చరర్, వైట్‌ఫీల్డ్: 1665లో ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ మైక్రోస్కోపులో చూసినవి నిజంగా ఖాళీ గోడలే, లోపలి జీవపదార్థం ఎప్పుడో పోయింది. లాటిన్‌లో ‘సెల్లా’ అంటే చిన్న గది. ఘనపు అంగుళం బెండులో అలాంటి గదులు 120 కోట్లకు పైగా ఉంటాయని ఆయన లెక్కగట్టాడు. ప్రాణుల దేహాలన్నీ వీటితోనే కట్టినవన్న సంగతి ఆయనకు తెలియదు. జర్మన్ శాస్త్రవేత్తలు ష్లైడెన్ 1838లో మొక్కల గురించి, ష్వాన్ 1839లో జంతువుల గురించి ఆ సంగతి చెప్పారు. పేరు మాత్రం ఆ ఖాళీ గదిదే ఉండిపోయింది.

మారతహళ్లి సభ్యుడు: అయితే నా పూరణ.

కణమునుండి కణము కలుగును తప్పక
వట్టి బెరడు నందు ప్రాణమేది
శవము కన్నదనిన జనులు నవ్వరె యేమి
చచ్చినట్టి చెక్క జననమిచ్చె?

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి బాబూ. మూడో పాదం నడక హాయిగా ఉంది. కానీ ప్రశ్నార్థకం పెట్టి సమస్యను దాటేశారు, విప్పలేదు. పైగా నేనడిగిన మాట పుట్టుక ఇందులో లేదు.

లెక్చరర్: మొదటి పాదం మాత్రం విలువైనది. కణం నుంచే కణం పుడుతుందన్న సూత్రాన్ని 1855లో విర్కో అనే జర్మన్ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందే రెమాక్ అనే శాస్త్రవేత్త కణవిభజనను, అంటే ఒక కణం రెండుగా చీలడాన్ని, గమనించాడు. ఇంకో సంగతి. సంస్కృతంలో ‘కణం’ అంటే గింజ, నూక, రేణువు. వాళ్ల మాట ఖాళీ గదైతే మనది నిండు గింజ. దీని మీద ఎవరూ రాయలేదేం?

నిర్వాహకుడు: అదే కావాలి. ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను. ప్రశ్నార్థకం లేకుండా విప్పండి.