"దుష్టునినుండి"యా, "కీడునుండి"యా? పరలోక ప్రార్థనలో ఒక మాట

రేపల్లె అబ్బాయి (మొదటి పోస్టు)

మా అమ్మమ్మ చదువుకోలేదు. పరలోక ప్రార్థన విని విని నోటికి నేర్చుకుంది. చివర్లో "దిష్టినుండి మమ్మును తప్పించుము" అనేది. చిన్నప్పుడు నేనూ అదే అన్నాను. గుడి నుంచి రాగానే మా చెల్లిని గుమ్మంలో నిలబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది కాబట్టి నాకు ఎక్కడా తేడా అనిపించలేదు. ఏడో తరగతిలో సొంతంగా బైబిలు చదివినప్పుడు తెలిసింది, అది దిష్టి కాదు, దుష్టుడు అని. మత్తయి 6:13: "మమ్మును శోధనలోకి తేక దుష్టునినుండి మమ్మును తప్పించుము."

సరే, అమ్మమ్మది తప్పు అనుకున్నాను. పెళ్ళయ్యాక అత్తగారి ఊళ్ళో గుడికి వెళ్తే అక్కడ అందరూ "కీడునుండి" అంటున్నారు. నేను గట్టిగా "దుష్టుని..." అని ఎత్తుకుని మధ్యలో ఆగిపోయాను. పక్కనున్న బావమరిది మోచేత్తో పొడిచాడు.

నా సందేహం ఇదండీ. దుష్టుడు అంటే ఎవడో ఒకడున్నాడు, వాడి చేతికి చిక్కకుండా చూడమని. కీడు అంటే జ్వరం, అప్పు, యాక్సిడెంటు, ఏదైనా కావచ్చు. రెండూ ఒకటి కాదు కదా. మూలంలో ఏముంది? దయచేసి భాష వైపు నుంచే చెప్పండి. దయ్యాలు ఉన్నాయా లేవా అనే గొడవ ఈ గ్రూపులో వద్దు.

గ్రీకు నేర్చుకుంటున్నవాణ్ణి

మూలంలో రెండూ ఉన్నాయి, అదే తమాషా. గ్రీకులో ఉన్నది "అపొ తూ పొనేరూ". పొనేరోస్ అంటే చెడ్డ. ఈ విభక్తిలో పుంలింగానికీ నపుంసకానికీ రూపం ఒక్కటే. కాబట్టి "చెడ్డవాడి నుండి" అనుకోవచ్చు, "చెడ్డదాని నుండి" అనుకోవచ్చు. వ్యాకరణం తేల్చదు.

వేరే చోట్ల తేలుతుంది. మత్తయి 13:19లో విత్తనాల ఉపమానం చూడండి, "దుష్టుడు వచ్చి" ఎత్తుకుపోతాడు. అక్కడ కర్త స్థానంలో ఉంది కాబట్టి పుంలింగమే. రోమా 12:9లో "చెడ్డదాని నసహ్యించుకొని" అన్నచోట నపుంసకమే. ప్రార్థనలో మాత్రం సరిగ్గా తేలని రూపం పడింది. గ్రీకు చదివిన పాతవాళ్ళు, ముఖ్యంగా 4వ శతాబ్దం చివర్లో యోహాను క్రిసోస్తొం, అది సాతానే అన్నారు. లాటిన్ వైపు అగస్టీను లాంటివాళ్ళు చెడు అనే తీసుకున్నారు. లాటిన్ మాట "మాలో"లో కూడా ఇదే పేచీ ఉంది లెండి. ఇంగ్లీషువాళ్ళు 1611లో "చెడు నుండి" అని పెట్టుకుని, 1881 సవరణలో "ఆ దుష్టుడి నుండి" అని మార్చారు. దాని మీద పత్రికల్లో పెద్ద రచ్చ అయింది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థనని ముట్టుకుంటే ఎవరూరుకుంటారు!

తెనాలి టీచరమ్మ

బాబూ, గ్రీకువాళ్ళు గోడ మీద కూర్చోవచ్చు, మనకి ఆ వీలు లేదు. తెలుగులో నామవాచకం నోట్లోంచి వచ్చేలోపే అది మహత్తో (వాడు అనదగ్గదో) అమహత్తో (అది అనదగ్గదో) తేలిపోవాలి. "దుష్టుడు" అన్నామంటే డు పడింది, అంటే వాడికి కాళ్ళూ చేతులూ వచ్చేశాయి. "కీడు"లో కూడా చివర డు ఉంది కానీ అది మాటలోదే, ప్రత్యయం కాదు. కీడు వస్తుంది, పోతుంది. వస్తాడు, పోతాడు అనం.

ఇది పట్టుకుని తెలుగు బైబిలంతా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. అపవాది, అంటే సాతాను, ఎప్పుడూ వాడే. పేతురు మొదటి పత్రిక 5:8లో "గర్జించు సింహమువలె ఎవరిని మ్రింగుదునా అని వెదకుచు తిరుగుచున్నాడు". యోహాను 8:44లో "వాడు అబద్ధికుడును అబద్ధమునకు జనకుడునై యున్నాడు". దయ్యమేమో ఎప్పుడూ అది. మత్తయి 17:18లో "యేసు ఆ దయ్యమును గద్దింపగా అది వానిని వదలిపోయెను". జనం నోట్లోనూ అంతే. గుళ్ళో "సాతానుగాడు" అని ఎంతమంది అనగా విన్నానో లెక్కలేదు. "దయ్యంగాడు" అన్నవాణ్ణి ఒక్కణ్ణీ వినలేదు. దొరకి పేరూ మర్యాదా (అమర్యాదే అనుకోండి) ఉన్నాయి, బంట్లకి లేవు.

నాకు మరీ ఇష్టమైనది మార్కు 5వ అధ్యాయం, దయ్యాలు పట్టి సమాధుల్లో తిరిగేవాడి కథ. నీ పేరేమని యేసు అడిగితే "నా పేరు సేన, ఏలయనగా మేము అనేకులము" అంటుంది లోపలున్నది. చూడండి, అనేకులము! తమ నోటితో తాము మనుషుల్లా చెప్పుకున్నాయి. నాలుగు వచనాల తర్వాత కథ చెప్పేవాడు మాత్రం "ఆ అపవిత్రాత్మలు వానిని విడిచి పందులలో ప్రవేశించెను" అన్నాడు. ప్రవేశించిరి అనలేదు. వాటి గొప్ప వాటిది, మన వ్యాకరణం మనది.

నిఘంటువు పిచ్చోడు

టీచరమ్మగారూ, చదవడానికి బాగుంది కానీ ఒప్పుకోను. ఉత్తమ పురుషలో మాట్లాడేదేదైనా అలాగే మాట్లాడుతుంది. పంచతంత్రంలో కాకులు కూడా "మేము అనేకులము" అనే అంటాయి. దాన్ని బట్టి దయ్యం గొప్పలు పోయిందనడం ఎక్కువ.

తెనాలి టీచరమ్మ

సగం ఒప్పుకున్నా. కానీ కాకులు మాట్లాడాక కథ చెప్పేవాడు "కాకులు ఎగిరిపోయెను" అన్నా పిల్లలెవరూ ఉలిక్కిపడరు, అవి కాకులే కాబట్టి. ఇక్కడ ఒక మనిషి నోట్లోంచి ఆ మాట వచ్చింది. "వాడు" ఎక్కడ అయిపోయాడో "అవి" ఎక్కడ మొదలయ్యాయో ఆ వాక్యాల్లో వేలు పెట్టి చూపించడం కష్టం. అనువాదకుడు కావాలని చేశాడని నేననడం లేదు. భాషే చేసింది.

ఫిరంగిపురం నుంచి

మేం కతోలికులం. మా పరలోక జపంలో "కీడులోనుండి మమ్ము రక్షించండి" అని ఉంటుంది. రెండు సంగతులు గమనించండి. ఒకటి, మాది "నీవు" కాదు, "మీరు". మీ నామము పూజింపబడునుగాక అంటాం. దేవుణ్ణి నువ్వు అనడం మా నాయనమ్మకి చివరిదాకా మింగుడుపడలేదు, ప్రొటెస్టంట్ల గుడికి వెళ్ళొచ్చిన రోజు ఆవిడ ముఖం చూడాలి. రెండు, మేం కీడు అంటాం కానీ 1992 నాటి మా సత్యోపదేశ గ్రంథం (మా సభ బోధలన్నీ ఉన్న అధికారిక పుస్తకం) ఈ వాక్యం దగ్గర కీడు ఒక భావన కాదు, ఒక వ్యక్తి, సాతానే అని తేల్చి చెప్పింది. పూజలో గురువుగారు మా జపం చివరి మాటనే అందుకుని సమస్త కీడుల నుండి కాపాడమని పొడిగిస్తారు. అంటే ఒకే గుళ్ళో ఒకే మాటకి రెండు అర్థాలూ నడుస్తున్నాయి. ఎవరూ కొట్టుకోలేదు.

అన్నట్టు మా వాళ్ళు సాతాను అనరు, సైతాను అంటారు.

నిఘంటువు పిచ్చోడు

దయ్యం మాట వచ్చింది కాబట్టి ఆగలేను. దయ్యము అనేది దైవము నుంచి వచ్చిన తద్భవం. పాత కావ్యాల్లో దయ్యము అంటే దేవుడు, విధి అనే అర్థాలే ఉన్నాయి. ఎక్కడో దారి తప్పి చింతచెట్టు ఎక్కింది. సంస్కృత రూపం పీట మీద కూర్చుంది, తెలుగు రూపం చెట్టెక్కింది అని మా మాస్టారు అనేవారు. పక్కన కర్ణాటక తీరంలోని తుళునాడులో దైవమన్నా భూతమన్నా ఇప్పటికీ కొలిచేవే, భూతకోల అనే కొలుపులో ఆడేవే. తమిళంలో తెయ్వం దేవుడుగానే ఉండిపోయింది. మనకే ఈ గతి.

విచిత్రమేమిటంటే గ్రీకు "దైమోన్"కీ అచ్చం ఇదే జరిగింది. మొదట దేవత, విధి. సోక్రటీసు తనకి లోపల్నుంచి హెచ్చరించే దైవిక స్వరం ఒకటుందని చెప్పుకున్నది ఈ మాటతోనే. యూదుల, క్రైస్తవుల గ్రీకులోకి వచ్చేసరికి అది పట్టి పీడించేది అయింది. దైమోన్‌కీ దైవానికీ ధాతువు ఒకటి కాదు, వినడానికి దగ్గరగా ఉన్నాయంతే. ఎవరైనా "చూశారా, గ్రీకు మన నుంచే" అని మొదలెడితే ఇక్కడే ఆపండి.

సాక్ష్యం బైబిల్లోనే ఉంది. అపొస్తలుల కార్యములు 17:18లో ఏథెన్సువాళ్ళు పౌలు గురించి "వీడు అన్య దేవతలను ప్రచురించుచున్నాడు" అనుకుంటారు. అక్కడ గ్రీకులో ఉన్నది "దైమోనియా"యే! సువార్తల్లో దయ్యములు అని తెలుగు చేసిన మాటనే ఇక్కడ దేవతలు అని చేశారు. చేయాలి కూడా, ఎందుకంటే మాట్లాడుతున్నది ఏథెన్సువాళ్ళు, వాళ్ళ నోట్లో అది చెడ్డ మాట కాదు. నాలుగు వచనాలు దాటాక పౌలు వాళ్ళని "అతి దేవతాభక్తిగలవారు" అన్నదాంట్లోనూ దైమోన్ దాగి ఉంది. మన అనువాదకులకి దండం పెట్టాలనిపించే చోట్లలో ఇదొకటి.

వరంగల్ స్టాఫ్ నర్సు

నేను భాష మనిషిని కాను, అయినా చెప్తా. మత్తయి 17లో ఒక తండ్రి యేసు దగ్గరికి వచ్చి కొడుకు గురించి "చాంద్రరోగియై మిక్కిలి బాధపడుచున్నాడు" అంటాడు. పిల్లాడు మాటిమాటికీ నిప్పుల్లో, నీళ్ళల్లో పడుతుంటాడు. చదివిన ప్రతిసారీ నాకు ఫిట్స్ కేసే కళ్ళముందు కనబడుతుంది. మా దూరపు చుట్టాలబ్బాయిని ఇలాగే దయ్యమని మూడు రోజులు ఒక ప్రార్థనా మందిరంలో ఉంచారు. నాలుగోరోజు మా వార్డుకి తెచ్చారు. ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ళమ్మ ప్రార్థన మానలేదు, మాత్ర కూడా మాననివ్వదు. చాంద్రరోగి అనే మాట ఎక్కడిది?

గ్రీకు నేర్చుకుంటున్నవాణ్ణి

మేడమ్, అది గ్రీకు మాటకి మాటగా దించినది. "సెలేనె" అంటే చంద్రుడు. చంద్రుడి వల్ల మూర్ఛ వస్తుందని అప్పటి నమ్మకం. మూడు వచనాల దూరంలో అదే పిల్లాణ్ణి పట్టిన దయ్యాన్ని యేసు గద్దించాడని ఉంది. రోగమన్న మాటా దయ్యమన్న మాటా రెండూ ఒకే కథలో పక్కపక్కనే.

ఇంకోటి, ఆ "గద్దించు" చూడండి. మంత్రం లేదు, నిమ్మకాయ లేదు, వేపమండ లేదు. అల్లరి పిల్లాణ్ణి మాస్టారు అదిలించినట్టు ఒక్క అరుపు. గాలినీ అదే మాటతో గద్దించాడు, పేతురునీ అదే మాటతో గద్దించాడు. బయట "గద్దించు" దాదాపు పోయింది, ఇప్పుడు అందరూ తిడతారు, అరుస్తారు. గుళ్ళల్లోనే "యేసు నామంలో గద్దిస్తున్నాను" అని రోజూ వినిపిస్తోంది.

తెనాలి టీచరమ్మ

అలా బతికిపోయిన మాటలు చాలా ఉన్నాయి. ఎఫెసీ 6లో అపవాది తంత్రాలకి ఎదురుగా తొడుక్కోమన్న సర్వాంగ కవచం తీసుకోండి. "సత్యమను దట్టి కట్టుకొని నీతియను మైమరువు తొడుగుకొని". దట్టి అంటే నడికట్టు! మైమరువు అంటే ఒంటి కవచం! మై అంటే ఒళ్ళు. నా క్లాసులో మైమరువు అంటే తెలిసింది ఇద్దరికే, ఇద్దరూ సండే స్కూలు పిల్లలు. మిగతావాళ్ళు మైమరచిపోవడం అనుకున్నారు.

కవచం అనగానే తెలుగువాడికి ముందు నారాయణ కవచం గుర్తొస్తుంది. భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రుడికి చెప్పింది. అక్కడ విష్ణువు పేర్లు ఒంటికి కాపలా. ఇక్కడ నడుముకి సత్యం, రొమ్ముకి నీతి, చేతికి విశ్వాసమనే డాలు. పేర్లకి బదులు గుణాలు. "సర్వాంగ" అన్న మాట పెట్టినవారి చెవిలో మన కవచ స్తోత్రాలు మోగి ఉంటాయని నాకు గట్టి అనుమానం. గ్రీకులో ఉన్నది ఒట్టి "పూర్తి ఆయుధ సామగ్రి" అని మన గ్రీకు అబ్బాయి ఇందాక ఇన్‌బాక్సులో చెప్పాడు. అంగాల ఊసే లేదట.

గ్రీకు నేర్చుకుంటున్నవాణ్ణి

అవునండీ. రేపల్లె గారూ, మీ అమ్మమ్మగారికి నేనొక క్షమాపణ బాకీ. "దిష్టి" చదివి నవ్వుకున్నాను. ఇందాక మత్తయి 20:15 తీశాను, ద్రాక్షతోట కూలీల కథ. యజమాని అడుగుతాడు: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" గ్రీకులో అక్కడ కడుపూ లేదు, మంటా లేదు. "నీ కన్ను పొనేరోస్ అయిందా" అని ఉంది. చెడ్డ కన్ను! ప్రార్థనలో ఉన్న పొనేరోసే ఇది.

రేపల్లె అబ్బాయి

అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అమ్మమ్మని ఒకసారి పాస్టరమ్మగారు కూర్చోబెట్టి సరిదిద్దారట, "దిష్టి కాదు పెద్దమ్మా, దుష్టుడు" అని. అమ్మమ్మ తలూపిందట. "ఆడి కళ్ళేగా తల్లీ పడేది" అని, మళ్ళీ ఆదివారం దిష్టి అనే చెప్పిందట.