బోదకాలి మీద ఊదా మచ్చ: ముక్క తీయించాలా, వద్దా?

పర్లాకిమిడి మేనల్లుడు:
అందరికీ నమస్కారం. మా మేనత్తకు 66 ఏళ్లు. ఎడమకాలికి బోదకాలు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. దసరా నాటికి పిక్క పక్కన గోరంత కమిలిన మచ్చ ఉంది. గుమ్మం తగిలిందేమో అనుకుంది. ఇప్పుడది అరచేతి వెడల్పు, నేరేడుపండు రంగు. అంచున రెండు బొడిపెలు లేచాయి, చీర రాసుకుంటే నెత్తురు వస్తోంది. చర్మ డాక్టరుగారు ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. బోదకాలికి గాటు పడితే మానదని మా బాబాయి, క్యాన్సరైతే కత్తి తగిలి పాకుతుందని మా పెద్దమ్మ. ఏం చేయమంటారు?

ఛత్రపురం అన్న:
వద్దు తమ్ముడూ. మా నాన్నగారిదీ బోదకాలే. చిన్న పుండు మూడు నెలలు మానలేదు. మధ్యలో చలిజ్వరం, కాలంతా ఎర్రగా పొంగిపోయింది, ఆ రాత్రులు ఇంకా గుర్తున్నాయి. మన గంజాంలో ఇన్ని బోదకాళ్లు చూశాం, క్యాన్సరైందని ఎప్పుడైనా విన్నామా? ముందు మందులు వాడి చూడండి.

బరంపురం నర్సమ్మ:
అన్నయ్యగారూ, మీ భయం ఉత్తిది కాదు. ఆ కాళ్లకు పద్దెనిమిదేళ్లుగా కట్లు కడుతున్నదాన్ని. ఇలాంటి క్యాన్సరు చాలా అరుదు, అదీ ఒప్పుకుంటాను. అరుదు గనకే అందరం దెబ్బ అనుకుని ఊరుకుంటాం.

దీన్ని యాంజియోసార్కోమా అంటారు. రక్తనాళాల లోపలి పొరలో పుడుతుంది. ఎక్కువగా ముసలివాళ్ల మాడు మీద, ముఖం మీద వస్తుంది. ఏళ్ల తరబడి వాచి ఉన్న కాలికో చేతికో కూడా వస్తుంది. రొమ్ము తీసేశాక చెయ్యి వాచిన ఆరుగురు ఆడవాళ్లలో దీన్ని చూసి స్టివర్ట్, ట్రీవ్స్ అనే అమెరికా డాక్టర్లు 1948లో రాశారు. తర్వాత బోదకాళ్లలోనూ కనిపించింది.

దెబ్బ మచ్చ అయితే ఊదా నుంచి ఆకుపచ్చకు, పసుపుకు తిరిగి రెండు మూడు వారాల్లో పోతుంది. ఇది పెరుగుతోంది, బొడిపెలు లేచాయి, రాసుకుంటే నెత్తురు. దీనికి పూతమందు రాస్తూ కూర్చోవడం నాకు భరించరానిది. రొమ్ము ఆపరేషనయిన ఒకామె చేతి మచ్చకు ఐదు నెలలు అలాగే రాశారు. మా దగ్గరికి వచ్చేసరికి మోచేతి నుంచి భుజం దాకా మచ్చలే.

పాకడం సంగతి పెద్దమ్మగారికి ఇలా చెప్పండి. తీసేది నాలుగైదు మిల్లీమీటర్ల ముక్క, బియ్యపుగింజంత. ఈ జబ్బు పుట్టేదే రక్తనాళంలో. మనం ముట్టుకోకపోయినా ఊపిరితిత్తులకు వెళ్లే దారి దానికి ముందే ఉంది.

రాయగడ చెల్లి:
తేలాక మాత్రం ఏం చేస్తారక్కా? కాలు తీసేస్తామంటే ఆ వయసులో ఆమె తట్టుకోగలదా? తెలియకుండా ఉన్నన్నాళ్లు మనశ్శాంతిగా ఉండనివ్వొచ్చు కదా.

బరంపురం నర్సమ్మ:
ఒక్కోసారి కాలు తీయాల్సిందే చెల్లీ, దాచను. కంటికి కనిపించే అంచు దాటి లోపల పాకి ఉంటుంది, అందుకే చుట్టూ కోసినా మళ్లీ వస్తుంటుంది. కోయలేనప్పుడు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇస్తారు, కొందరిలో మచ్చలు బాగా తగ్గుతాయి. మచ్చ చిన్నగా ఉన్నప్పుడు దొరికితేనే ఏదైనా ఎంచుకునే వీలుంటుంది. ఇక నెత్తురు కారే కాలితో మనశ్శాంతి ఎక్కడిది?

ఛత్రపురం అన్న:
పాకుతుందన్న మాట వదిలేస్తున్నాను. గాయం మాటే వదలను. ముక్క తీసి ఇంటికి పంపేసే చోట వద్దు. తర్వాత కట్టు కట్టి, జ్వరమొస్తే చేర్చుకునే చోటే చేయించండి.

బరంపురం నర్సమ్మ:
అది నూటికి నూరుపాళ్లు సరి. బొడిపె మీది నుంచి కాస్త లోతుగా తీయమనండి. పైపైన తీస్తే పట్టుబడకపోవచ్చు. బోదకాలు ఎన్నేళ్లుగా ఉందో చీటీలో రాయించండి, స్లైడు చూసే డాక్టరుకు అది తెలియాలి. ముక్కలోని కణాలు రక్తనాళాలవేనా అని చూపే సీడీ31, ఈఆర్‌జీ రంగు పరీక్షలు అక్కడ ఉన్నాయా అని అడగండి.

పర్లాకిమిడి మేనల్లుడు:
నిన్న రాత్రి కార్తీకంలో జరిగిన మా చెల్లి పెళ్లి ఫొటోలు వెతికాను. ఒకదాంట్లో అత్త పసుపు రాసుకున్న కాళ్లతో పీట మీద కూర్చుంది. మచ్చ రూపాయి బిళ్లంత ఉంది. ఆ ఫొటో బాబాయికి చూపించాను. చాలాసేపు చూసి, విశాఖలో అగనంపూడి దగ్గరి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తనే తీసుకెళ్తానన్నాడు. అత్తను అడిగితే, "ఇన్నాళ్లూ మీలో మీరే మాట్లాడుకున్నారు గానీ నన్నెవరూ అడగలేదురా" అంది. సోమవారం ముగ్గురం బయల్దేరుతున్నాం. కాలికి కట్టే గుడ్డలు ఎన్ని సర్దుకోవాలో చెప్పండి నర్సమ్మగారూ.