గుంపులో ముందు నడిచే కుక్క తెగువ ఎంతవరకు దాని సొంతం?

ప్రశ్న (నల్లకుంట సభ్యుడు):

మా సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుక కుప్ప మీద అయిదు వీధికుక్కలు పడుకుంటాయి. రాత్రి పదకొండు దాటాక ఏదైనా బండి వస్తే ముందుగా లేచేది ఎర్రది. అది మొరగదు, చెవులు నిక్కించి రెండడుగులు ముందుకు వేస్తుంది, అంతే. మిగిలిన నాలుగూ తలెత్తినప్పుడు బండి వంక కాక ఎర్రదాని వంక చూస్తాయని మేడ మీద నుంచి చాలా రాత్రులు గమనించాను. అది పరుగందుకుంటే అన్నీ అందుకుంటాయి, అది ముడుచుకుని పడుకుంటే బండి నిశ్చింతగా వెళ్ళిపోతుంది.

కిందటి నెల దాన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు పట్టుకెళ్ళి, చెవి కొస కత్తిరించి, అయిదో రోజున తెచ్చి వదిలారు. అది లేని మొదటి రెండు రాత్రులు సందు సద్దుమణిగింది. ఈ లెక్కన దాన్ని శాశ్వతంగా ఎక్కడికైనా పంపేస్తే పీడ విరగడవుతుందని మా అపార్ట్‌మెంట్‌లో కొందరు తేల్చేశారు. అయితే మూడో రాత్రి, ఎప్పుడూ అన్నిటికంటే వెనక ఉండే చుక్క (నుదుట తెల్లమచ్చ చూసి పిల్లలు పెట్టిన పేరు) ముందుగా లేచి బండి వెంటపడింది. ఎర్రది తిరిగి రాగానే మళ్ళీ వెనక్కి తగ్గింది. జంతువుల్లో ఒక్కొక్కదానికి ఒక్కో స్వభావం ఉంటుందంటారు కదా, మరి చుక్క అసలు స్వభావం ఏది? పిరికితనమా, తెగువా?

జవాబు 1 (కందిరీగల విద్యార్థి):

మీరు చూసినదానికి దగ్గరి పోలిక మన దేశపు కందిరీగల్లోనే ఉంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్‌కర్ బృందం దశాబ్దాలుగా రోపాలిడియా మార్జినాటా అనే కందిరీగను పరిశీలించింది. ఒక్కో ఈగ ఒంటి మీద రంగు చుక్కలు పెట్టి గుర్తుపడుతూ, ఏది ఏ పని ఎంతసేపు చేస్తోందో రాసుకున్నారు. ఒకే గూటిలో కూర్చునే రకం, కలియబడే రకం, తిండి తెచ్చే రకం ఉన్నాయని 1980ల మొదట్లోనే తేల్చారు. విచిత్రం ఏమిటంటే అందులో రాణి మహా సాధువు. ఆ రాణిని తీసేస్తే మాత్రం నిమిషాల్లోనే శ్రామిక ఈగల్లో ఒకటి ఉన్నట్టుండి విపరీతమైన దూకుడు చూపిస్తుంది, మిగిలినవేవీ దానితో పోటీకి రావు. పాత రాణిని తిరిగి పెట్టకపోతే దాదాపు వారం రోజుల్లో అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, తానూ సాధువైపోతుంది. ఆ వారసురాలు ఎవరో రాణి ఉన్నంతకాలం వాటి ప్రవర్తనను బట్టి మనం పోల్చుకోలేం, కానీ ఈగలకు తెలిసినట్టే ఉంటుంది. మీ చుక్క సంగతి కూడా అలాంటిదే కావచ్చు. ఆ తెగువ దానిలో లేక కాదు, ఎర్రది ఉన్నంతసేపు దాని అవసరం పడలేదు.

జవాబు 2 (విశ్రాంత పశువైద్యుడు, తార్నాక):

పై జవాబు బాగుంది కానీ తొందరపడకండి. నాలుగు రాత్రుల పరిశీలనతో స్వభావాన్ని నిర్ణయించలేం. ఒకే జంతువును ఒకే పరిస్థితిలో పదేపదే చూసి, తోటివాటితో పోల్చి, తేడా నిలకడగా ఉన్నప్పుడే దాన్ని స్వభావం అనాలి. అలాంటి అనేక పరిశోధనలను 2009లో ఒకచోట చేర్చి లెక్కగడితే, ప్రవర్తనలో కనిపించే తేడాల్లో సగటున 37 శాతమే జంతువుకూ జంతువుకూ మధ్య ఉన్న నిలకడైన తేడా అని తేలింది. అంటే స్వభావం నిజమే, కానీ దానికంటే ఎక్కువ భాగం ఆ పూట, ఆ చోటు, ఆ తోడు మీద ఆధారపడి ఉంటుంది.

ముందు ఒక్కొక్కదాన్ని విడిగా చూడండి. స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపల మీద 2017లో వచ్చిన పరిశోధనలో కూడా ముందు ఒంటరి చేపల వేగాన్నీ, గుంపు పట్ల మక్కువనూ కొలిచి, తరవాతే గుంపులుగా కలిపారు. వేగంగా ఈదే చేపలు ముందు వరసకు చేరి దారి తీశాయి, గుంపు పట్ల మక్కువ ఎక్కువున్నవి మధ్యకు చేరాయి. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు, ఒంటరిగా ఉన్నప్పటి తేడాలే గుంపు ఆకారాన్ని నిర్ణయించాయి. మీ ఎర్రది నాయకుడో, లేక కాస్త తొందరగా లేచే కుక్కో అలా చూస్తేగాని తెలియదు.

జవాబు 3 (సందేహి):

ఒకటి తీసేస్తే ఇంకొకటి వస్తుంది అన్న సూత్రాన్ని అన్నిటికీ అంటగట్టకండి. కెన్యాలోని మసాయి మారా దగ్గర బబూన్లనే పెద్ద కోతుల గుంపు ఒకదానిలో, 1980లలో, టూరిస్టు లాడ్జి చెత్తకుప్ప మీద తిండి కోసం కొట్లాడే దూకుడు మగవి క్షయ సోకిన మాంసం తిని చచ్చిపోయాయి, నెమ్మదైనవి మిగిలాయి. పదేళ్ళ తరవాత అలా మిగిలిన మగవేవీ లేవు, ఉన్న మగవన్నీ బయటి నుంచి వచ్చి చేరినవే, అయినా గుంపు నెమ్మదిగానే ఉందని పరిశోధకులు సపోల్స్కీ, షేర్ 2004లో రాశారు. అక్కడ దూకుడువాటి ఖాళీని ఎవరూ పూరించలేదు. ఇంకో మాట: సంఘజీవులైన సాలీళ్ళ స్వభావాల మీద పేరు మోసిన పరిశోధన పత్రాలు కొన్ని, అంకెలు పొసగక, 2020 నుంచి ఉపసంహరణకు గురయ్యాయి. ఈ రంగంలో చక్కగా అతికినట్టుండే కథ కనిపిస్తే నేను రెండోసారి చదువుతాను.

ప్రశ్న వేసిన సభ్యుడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. డాక్టరుగారు చెప్పినట్టు వారం రోజులు విడివిడిగా చూశాను. ఎర్రది సాయంత్రం ఒంటరిగా మెయిన్‌రోడ్డు మీద మందుల షాపు దాకా వెళ్తుంది. అక్కడ బండి జానెడు దూరంలో పోతే తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పాన్ డబ్బా కిందికి దూరుతుంది. చుక్క మాత్రం పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర ఒక్కతే నిలబడి, తనకంటే పెద్దదైన పక్క సందు కుక్కను పళ్ళు చూపించి తరిమేసింది; మూడు రోజులు అదే చూశాను. అంటే ఎర్రదానికి ఆ తెగువ ఇసుక కుప్ప మీద, నాలుగింటి తోడు ఉన్నప్పుడే వస్తోంది. ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగు ఉంది. కుక్కను పంపే మాట పక్కన పెట్టి, ఇల్లు పూర్తయి ఏడాదైనా కదలని ఆ ఇసుకను ముందు ఎత్తించమని అడగబోతున్నాను.