అప్‌డేట్: వెలుగు పడితే కార్బన్ మోనాక్సైడ్ ఎందుకు వదిలేస్తుంది?

శ్వాస ఎంజైమ్ సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్‌ను పట్టుకున్న కార్బన్ మోనాక్సైడ్, వెలుగు పడగానే ఎందుకు ఊడిపోతుందని పోయిన వారం అడిగాను. ఓపిగ్గా చెప్పినవాళ్లందరికీ థాంక్స్, ఇప్పుడు అర్థమైంది.

ఆ ఎంజైమ్‌లో హీమ్ ఏ3 అని ఇనుము ఉండే ఒక భాగం ఉంది. అందులోని ఇనుము ఫెర్రస్ (రెండు ధనావేశాలున్న) రూపంలో ఉన్నప్పుడే ఆ వాయువు అంటుకుంటుంది. ఆక్సిజన్‌కు కావాల్సిందీ అదే చోటు. వెలుగు ఆ బంధాన్ని తెంచుతుంది. నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి సంగతి: తెగిన అణువు నేరుగా బయటికి పోదు, ఎంజైమ్‌లోనే ఎదురుగా ఉన్న రాగి అయాన్ మీద మైక్రోసెకండ్ల పాటు ఆగుతుంది! ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో చూస్తే ఇది తెలుస్తుంది: ఇనుము మీదున్నప్పుడు సెంటీమీటరుకు 1963 తరంగాల దగ్గర కనిపించే కార్బన్ మోనాక్సైడ్ గీత, రాగి మీదికి మారగానే సుమారు 2060కి జరుగుతుంది.

జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బుర్గ్ ఈ వెలుగు ఆధారంతోనే ఎంజైమ్‌లో హీమ్ ఉందని పసిగట్టాడు. 1931లో నోబెల్ అందుకున్నాడు. ఇక నైట్రిక్ ఆక్సైడ్ గురించి చదవాలి.