క్రాన్‌లో నడిపినప్పుడే డీఎస్‌ఎన్ దొరకడం లేదు

ఉబుంటు 22.04లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోసం ఓడీబీసీఇన్‌స్ట్ (ఓడీబీసీ కనెక్షన్ల అమరికలు చూసే) కమాండ్‌తో డీఎస్‌ఎన్ (కనెక్షన్ వివరాలకు పెట్టే పేరు) నమోదు చేశాను. మొదట -ఎల్ (సిస్టమ్ స్థాయి) ఆప్షన్ ఇవ్వడం మరిచిపోయాను, అది నా హోమ్ డైరెక్టరీలోకి వెళ్లింది. తప్పు దిద్దుకుని సిస్టమ్ స్థాయిలో మళ్లీ చేర్చాను. ఇప్పుడు నా ఖాతా నుంచీ, రిపోర్టుల ఖాతా నుంచీ ఐఎస్‌క్యూఎల్ (కనెక్షన్‌ను పరీక్షించే కమాండ్) చక్కగా కనెక్ట్ అవుతోంది. పైథాన్ స్క్రిప్టును చేత్తో నడిపినా సరే. అదే స్క్రిప్టును రాత్రి 2 గంటలకు రిపోర్టుల ఖాతా కింద క్రాన్ (నిర్ణీత సమయానికి పనులు నడిపే సాధనం) నడిపితే మాత్రం ఐఎం002 ఎర్రర్ చూపి ఆగిపోతోంది: డేటా సోర్స్ పేరు దొరకలేదట!

సిస్టమ్ డీఎస్‌ఎన్ ఫైలు అనుమతులు 644 (అందరూ చదవొచ్చు). క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ పనుల జాబితాలో) ఓడీబీసీసిస్‌ఐఎన్‌ఐ (సిస్టమ్ ఐఎన్‌ఐ, అంటే అమరికల ఫైళ్లు ఏ డైరెక్టరీలో ఉన్నాయో చెప్పే వేరియబుల్) విలువ ఇచ్చి చూశాను, రెండు రాత్రులు వృథా. ఏ అమరికల ఫైళ్లు వాడుతోందో చెప్పే ఓడీబీసీఇన్‌స్ట్ -జె రెండు ఖాతాల్లోనూ ఒకే సిస్టమ్ ఫైలును చూపుతోంది.

క్రాన్ కింద పైఓడీబీసీ (స్క్రిప్టు వాడే పైథాన్ ఓడీబీసీ లైబ్రరీ) నిజంగా ఏ ఐఎన్‌ఐ ఫైలును చదువుతోందో తెలుసుకోవడం ఎలా?