ఆన్‌లైన్‌లో 1710, బోర్డు మీద బోల్తా: దాడి ఆట మానుకోవాలా?

తాంబరం లోకల్
అందరికీ నమస్తే. నాకు 34 ఏళ్లు. ఊరు కావలి, ఉద్యోగం చెన్నైలో. 2022లో మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగినప్పుడు నేపియర్ బ్రిడ్జి మీద నలుపు తెలుపు గళ్లు వేశారు కదా, అది చూశాకే చిన్నప్పుడు వదిలేసిన ఆట మళ్లీ పట్టుకున్నాను. ఆడేదంతా ఫోన్లోనే. తాంబరంలో లోకల్ ఎక్కి పార్క్ స్టేషన్లో దిగేలోపు రెండు ఆటలు, తిరిగి వచ్చేటప్పుడు రెండు. పది నిమిషాల ఆటలో రేటింగ్ 1710.

తెల్ల పావులైతే ఇవాన్స్ గాంబిట్ (మొదట్లోనే ఒక బంటుని వదులుకుని దాడికి దిగే ఓపెనింగ్), నల్లవైతే సిసిలియన్ డ్రాగన్, అదీ దూకుడుదే. దాడి లేని ఆటంటే నాకు నిద్రొస్తుంది.

పోయిన ఆదివారం జీవితంలో మొదటిసారి బోర్డు ముందు కూర్చుని టోర్నమెంట్ ఆడాను. ఒక స్కూలు హాలు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఆడిన ప్రతి ఎత్తుకి 5 సెకన్లు అదనం. ఏడు రౌండ్లలో రెండున్నర పాయింట్లు. రెండో రౌండ్లో గుర్రాన్ని ముట్టుకుని, మనసు మార్చుకుని ఇంకోటి ఆడబోయాను. ముట్టుకున్నదే ఆడాలన్నారు. ఆ దెబ్బకి ఏనుగు (రూక్) పోయింది. అయిదో రౌండ్లో పదేళ్ల పాప. చివరికి చెరో ఏనుగు, పాపకి ఒక బంటు ఎక్కువ. డ్రాయే కదా అనుకున్నా. పాప అలా అనుకోలేదు. ఓడించి, షేక్‌హ్యాండ్ ఇచ్చి, "అంకుల్, మీరు చాలా ఫాస్ట్‌గా ఆడతారు" అంది. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆఫీసులో ఒకతను గాంబిట్లు మానేసి లండన్ సిస్టమ్ లాంటి నిదానమైన ఓపెనింగ్ పట్టుకోమంటున్నాడు. మానాలా? ప్రొఫైల్ లింకు ఇస్తున్నాను. ఆటలు చూసి మొహమాటం లేకుండా చెప్పండి.

ఐదు సెకన్లు
మానకు బ్రో. లండన్ ఆడేవాళ్లంతా ఆట మధ్యలో టీ పెట్టుకోడానికి లేచి వెళ్తారు.

బంటు బాబాయ్
ఆటలు చూశాను నాయనా. గాంబిట్ మానాలా వద్దా అన్నది కాదు అసలు ప్రశ్న. నీకు ముగింపు ఆట రాదు. పాపతో ఓడిన ఆట రాసి పెట్టావు కాబట్టి చెప్తున్నా. నీ రాజు బంటుకి ఎదురుగానే ఉంది, అంటే సగం పని అయిపోయినట్టే. అక్కడ ఏనుగుని తీసుకెళ్లి నీ చివరి వరుసలో రాజు పక్కన కూర్చోబెట్టావు. అంచు బంటో, దాని పక్క బంటో అయితే అలా కూర్చున్నా బతుకుతావు. అది ఎఫ్ బంటు, అంచు నుంచి మూడోది. కూర్చుంటే చావే.

చేయాల్సింది ఇది. ఏనుగుని నీ వైపు నుంచి మూడో వరుసలో నిలబెట్టు. అవతలి రాజు ఆ గీత దాటలేదు. గీత దాటాలంటే బంటుని ముందుకు తోయాలి. బంటు ఆ వరుసలోకి రాగానే నీ ఏనుగుని బోర్డు అవతలి కొసకి పంపించి వెనక నుంచి చెక్‌లు ఇస్తూ పో. రాజుకి దాక్కోడానికి చోటుండదు. 18వ శతాబ్దంలో ఫిలిడోర్ అనే ఫ్రెంచాయన చెప్పిన పద్ధతి. పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. ఆ పాప అది నేర్చుకునే వచ్చి ఉంటుంది, నువ్వు నేర్చుకోలేదని కూడా కనిపెట్టి ఉంటుంది.

పెరంబూర్లో క్వార్టర్స్ అరుగు మీద ఆడుకునే రోజుల్లో మాకు ఓపెనింగుల పేర్లే తెలియవు. ఏనుగుల ఆట మాత్రం తెలుసు.

ఓఎంఆర్ గుర్రం
బాబాయ్ గారూ, మీ మాట కాదనను కానీ, ఇతని ఆటల్లో ఎన్ని ముగింపు దాకా వస్తున్నాయి? నేను ఓ ముప్పై చూశాను. సగానికి పైగా మంత్రులు బోర్డు మీదుండగానే తేలిపోయాయి. రాని చోటికి దారి నేర్పి ఏం లాభం?

తాంబరం అన్నా, ముందు బాగున్నది చెప్తాను. అవతలివాడు తొందరపడి రాజు వైపు కాస్లింగ్ చేస్తే (రాజుని మూలన దాచేస్తే) నువ్వు నిజంగా ప్రమాదకరం. బంటు పోయినా కంగారు పడవు. ఓడిపోయిన ఆటలో కూడా ఏదో ఒక మెలిక పెడతావు, అది చాలామందికి రాదు. పోయిన వారం శకటుని (బిషప్‌ని) హెచ్7 గడి మీద బలిచ్చి గెలిచిన ఆట అయితే మా రూమ్మేట్‌కి కూడా చూపించాను.

ఇప్పుడు బాగోలేనిది. నీ దాడిలో ఎప్పుడూ మూడు పావులే ఉంటాయి. మంత్రి, తెల్లగళ్ల శకటు, ఒక గుర్రం. ఏ1లో ఏనుగు మొదటి రోజు స్కూలుకొచ్చిన పిల్లాడిలా మూలన నిలబడే ఉంటుంది. ఒక ఆటలో 27వ ఎత్తు దాకా కదల్లేదు. 1400 వాడి మీద మూడు పావులు చాలు. 1700 వాడు రెండు ఎత్తులు తట్టుకుంటాడు, ఆ తర్వాత నీ దగ్గర సరుకుండదు. కాబట్టి స్టైల్ మార్చకు, ఏనుగుని పిలువు.

ఇంకోటి. అవతలివాళ్లు మొదటి ఎత్తులో బంటుని ఇ5కి బదులు సి6కి తోసి కారో-కాన్ అనే ఓపెనింగ్ మొదలుపెట్టగానే నీ ఆట మాడిపోతుంది. బంట్లు మార్చేసి, ఏదో మొక్కుబడిగా ఆడతావు. ఇవాన్స్ ఆడాలంటే అవతలివాడి ఒప్పుదల కావాలి, అందరూ ఒప్పుకోరు.

నెల్లూరు పద్మ
మా అమ్మాయిని నాలుగేళ్లుగా టోర్నమెంట్లకి తిప్పుతున్నాను. వెయిటింగ్ హాల్లో ఫ్లాస్కు పట్టుకుని కూర్చునే అమ్మల్లో నేనొకదాన్ని. ఆట నాకు అంతంత మాత్రమే, కానీ ఓడి బయటికొచ్చే పెద్దవాళ్ల మొహాలు చాలా చూశాను.

మీరు ఓడింది స్టైల్ వల్ల కాదండి, అలవాటు లేక. ఫోన్లో అవతలివాళ్లు ఆడిన ఎత్తు రంగు మారి కనబడుతుంది. వేలు పెడితే పావు ఎక్కడెక్కడికి వెళ్లగలదో చుక్కలొస్తాయి. బోర్డు మీద ఎవరూ చుక్కలు పెట్టరు. ముట్టుకున్నాక మనసు మార్చుకోవడం ఫోన్ నేర్పిన అలవాటే. ఇంట్లో ఒక బోర్డు కొనుక్కుని, మీ ఆటల్నే దాని మీద మళ్లీ ఆడి చూడండి. మా పిల్ల కోచ్ మొదట చేయించింది అదే. ఆలోచించేటప్పుడు చేతులు ఒడిలో పెట్టుకోమనేవారు.

ఇంకో సంగతి, ఇక్కడి పిల్లలతో ఆడాక మాట్లాడేటప్పుడు జాగ్రత్త. మనకి మంత్రి అంటే క్వీన్. తమిళ పిల్లలకి మందిరి అంటే బిషప్. మా అమ్మాయి తొలి రోజుల్లో "నా మంత్రి పోయింది" అని ఏడిస్తే పక్క పిల్ల "అంతే కదా, ఇంకోటుంది" అని ఓదార్చింది.

ఐదు సెకన్లు
హహ. అక్కా, ఇది పిన్ చేయాలి.

కానీ ఒకటి. అందరూ "ఫాస్ట్‌గా ఆడకు" అనే దారిలోకే పోతున్నారు. ఆనంద్ కుర్రాడిగా ఉన్నప్పుడు గంటల టైమున్న ఆటల్ని నిమిషాల్లో ముగించేవారు. ఈ ఊరి ఆటే అది. వేగం తప్పయితే ఆయన 1988లో మన దేశపు మొదటి గ్రాండ్‌మాస్టర్ ఎలా అయ్యారు?

బంటు బాబాయ్
ఆనంద్ గారు వేగంగా చూసేవారు, అందుకని వేగంగా ఆడేవారు. మనవాడు చూడకముందే ఆడుతున్నాడు.

ఈ ఊరిదే ఇంకో ఆట చెప్తా. 2024 డిసెంబరు 12, సింగపూర్, ప్రపంచ టైటిల్ పద్నాలుగో ఆట. (గుకేశ్ మనవాడా వాళ్లవాడా అన్న గొడవ ఇక్కడ మొదలెట్టకండి, చెన్నైలో పుట్టిన తెలుగింటి పిల్లాడు, అయిపోయింది.) చెరో ఏనుగు, చెరో శకటు, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. లోకమంతా డ్రా అంటోంది. అబ్బాయి లేవలేదు. 55వ ఎత్తులో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ ఏనుగులు మార్చుకుందామని తన ఏనుగుని ఎఫ్2కి జరిపాడు. ఆ వెంటే శకటులు కూడా మారిపోతాయన్నది చూసుకోలేదు. మిగిలింది ఉత్త బంట్ల ఆట, అది ఓడిన ఆట. "డ్రాయే కదా" అన్న చోటే ప్రపంచ టైటిల్ చేతులు మారింది. నువ్వు పాప దగ్గర అన్నదీ అదే మాట.

శకటు
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నేను ఎత్తులు చూడలేదు, గడియారం చూశాను. తాంబరం గారూ, మీరు చివరగా ఓడిన 40 ఆటలు తీసుకుని లెక్క రాశాను. 26 ఆటల్లో, ఓడే క్షణానికి మీ దగ్గర అయిదు నిమిషాల కన్నా ఎక్కువే మిగిలి ఉంది. అంటే సగం డబ్బు జేబులో ఉంచుకుని ఆకలితో పడుకున్నట్టు.

ఏనుగు ఏ1లో ఎందుకుండిపోతోంది? దాన్ని కదపాలంటే ఒక నిమిషం ఆగి ఏ గీత తెరుచుకుంటుందో ఆలోచించాలి కాబట్టి. కారో-కాన్ ఎందుకు విసుగు? అక్కడ కంఠతా వచ్చిన ఎత్తులు లేవు కాబట్టి. ఫిలిడోర్ కూడా అంతే. ఆ పది నిమిషాలు నేర్చుకున్నా, ఆ స్థితి వచ్చిందని గుర్తుపట్టడానికి ఒక్కసారి ఆగాలి కదా. గుర్రం గారు చెప్పిందీ బాబాయ్ గారు చెప్పిందీ నాకు ఒకే జబ్బులా కనబడుతున్నాయి.

మీ యాప్ పది నిమిషాల ఆటని రాపిడ్ అంటుంది. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే లెక్కలో పది నిమిషాలు, అంతకు తక్కువ అంటే బ్లిట్జే, అంటే మెరుపు ఆటే. నిజమైన రాపిడ్ మీరు ఆడింది ఒక్క ఆదివారమే. మన హంపి గారు 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచారు. ఆమె ఆటలు చూడండి, ఎక్కడ ఆగుతారో చూడండి.

అడగాలనుకున్నది ఒకటే. మీకు అంత తొందర ఎందుకు?

తాంబరం లోకల్
ఈ ప్రశ్నకి రాత్రంతా ఆలోచించాను. నవ్వకండి. కారణం ట్రైన్.

తాంబరం నుంచి పార్క్‌కి ముప్పావు గంట అటూ ఇటూ. పది నిమిషాల ఆట పూర్తిగా సాగితే ఇరవై నిమిషాలు. రెండు ఆటలంటే నలభై. అందుకని మొదటి ఆట గిండీ లోపు అయిపోవాలి, లేకపోతే రెండోది మధ్యలో వదిలేసి దిగాలి. సీటు దొరికే రోజు తక్కువ. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో ఫోన్, బొటనవేలితో ఆట. మాంబళంలో జనం ఎక్కేటప్పుడు చూడకుండానే నొక్కేస్తాను. సిగ్నల్ పోతే ఆటే పోతుందన్న టెన్షన్ ఒకటి.

నేను ఇన్నాళ్లూ దాడి నా స్వభావం అనుకున్నా. తొందరగా తేలిపోయే ఆటలు కాబట్టి గాంబిట్లు పట్టుకున్నానేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

ఓఎంఆర్ గుర్రం
ఆగన్నా, అంత దూరం వెళ్లకు. తొందరలో ఉన్నవాళ్లంతా హెచ్7 మీద శకటుని వదలరు. నేను కూడా షోళింగనల్లూరు బస్సులో ఆడతాను, నాకు ఒక్క సాక్రిఫైస్ కూడా తట్టదు. వేగం ట్రైన్ ఇచ్చిందేమో, కన్ను నీదే. శకటు గారి లెక్క బాగుంది కానీ దాన్నుంచి "అన్నిటికీ గడియారమే కారణం" అనడం నేను ఒప్పుకోను. అయిదు నిమిషాలు మిగిలి ఉన్నా, వెనక్కి వచ్చే గుర్రపు ఎత్తు కనబడనివాడికి అయిదు గంటలిచ్చినా కనబడదు. ఈ అన్న అలాంటి ఎత్తులకే తొమ్మిది ఆటలు ఓడాడు. దానికి మందు పజిల్సే.

శకటు
తొమ్మిదిట్లో ఎన్ని మాంబళంలో?

ఓఎంఆర్ గుర్రం
అది యాప్ చెప్పదు సార్.

నెల్లూరు పద్మ
అయితే పోను ఒక్క ఆట, రాను ఒక్క ఆట ఆడండి. 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు. ముప్పావు గంటకి సరిగ్గా సరిపోతుంది. లండన్ వద్దు, ఇవాన్స్ మీరే ఉంచుకోండి. ఆ కారో-కాన్‌కి మాత్రం మీకు నచ్చే దారి ఏదైనా ఒకటి వెతుక్కోండి.

ఐదు సెకన్లు
రోజుకి రెండే ఆటలా. ఇది శిక్ష.

తాంబరం లోకల్
పది రోజులయింది, చెప్పి పోదామని వచ్చాను. అక్క చెప్పినట్టే ఒక్కో ఆట ఆడుతున్నాను. రేటింగ్ 1710 నుంచి 1655కి దిగింది. కొత్త టైములో అరగంట ఏం చేయాలో తెలియక మొదటి మూడు రోజులు కిటికీలోంచి బయటికి చూశాను. ఏ1 ఏనుగు ఇప్పుడు పదిహేనో ఎత్తుకల్లా డి1లో ఉంటోంది, గుర్రం తమ్ముడికి థ్యాంక్స్.

ఈ రోజు పొద్దున సంగతి. నుంగంబాక్కం దాటాక సరిగ్గా పాపతో వచ్చిన స్థితే వచ్చింది. చెరో ఏనుగు, అవతలివాడికి ఒక బంటు. గుర్తుపట్టాను బాబాయ్ గారూ! ఏనుగుని మూడో వరుసలో పెట్టాను. అవతలి రాజు అటు తిరిగింది, ఇటు తిరిగింది, గీత దాటలేకపోయింది. ఎగ్మోర్ పోయింది, పార్క్ కూడా పోయింది, నేను దిగలేదు. అప్పుడు వాడు బంటుని తోశాడు. నేను ఏనుగుని అక్కడే అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాను. ఫోర్ట్ స్టేషన్లో ఓడిపోయి దిగాను. గడియారంలో 20 సెకన్లు మిగిలాయి.

బంటు బాబాయ్
బంటు ఆ వరుసలోకి వచ్చిందంటే ఏనుగు అవతలి కొసకి పోవాలని చెప్పాను కదయ్యా! సగం విని ఆడతావేంటి. లింకు పెట్టు, ఏ ఎత్తులో వెళ్లాల్సిందో చూపిస్తాను.

నెల్లూరు పద్మ
ఆఫీసుకి ఎన్నింటికి వెళ్లారు?

తాంబరం లోకల్
ఫోర్ట్ నుంచి వెనక్కి నడిచి వెళ్లానక్కా. పదీ ఇరవై. లింకు ఇదిగో, 52వ ఎత్తు నుంచి చూడండి బాబాయ్ గారూ.