న్యూజెర్సీ బీచ్‌లో 22 క్యారెట్ల నగలు, పాత పార్కుల్లో వెండి నాణేలు: ఈక్వినాక్స్ 800తో ఏ సిగ్నల్ తవ్వాలి?

ఎడిసన్_శ్రీ:
అందరికీ నమస్కారం. నా దగ్గర మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 మెటల్ డిటెక్టర్ ఉంది, దాంతో వచ్చిన 11 అంగుళాల కాయిలే (నేల మీద ఊపే చక్రం) వాడుతున్నాను. పొడి ఇసుకలో ఇబ్బంది లేదు. అలలు తడిపి వెళ్ళిన ఇసుకలోకి దిగగానే ఆగకుండా కూస్తుంది, కింద ఉన్నది ఏ లోహమో సూచించే స్క్రీన్ మీది అంకె ఒక్క క్షణం నిలవదు. మోడ్ పార్క్ 1, సెన్సిటివిటీ 22.

మూడు సందేహాలు. ఒకటి, తడి ఇసుకలో ఈ గోల ఎలా తగ్గించాలి? రెండు, ఇక్కడివాళ్ళు చెప్పే అంకెలన్నీ 10, 14 క్యారెట్ల ఉంగరాలవి. మనవాళ్ళు పోగొట్టుకునేవి 22 క్యారెట్ల ఉంగరాలు, గొలుసులు, తాళిబొట్లు. వాటి అంకెలు వేరుగా ఉంటాయా? మూడు, ఊళ్ళో పాత పార్కుంది, 1930లలో కూడా వాడుకలో ఉన్నదే. కానీ నాకు తగిలేవన్నీ డబ్బా పుల్ ట్యాబులు, సీసా మూతలు. వెండి నాణేలు వెతకడానికి పద్ధతేమిటి?

ఇంకో మాట. సంక్రాంతికి ఊరెళ్తున్నాం. పల్నాడులో తాతగారి పొలంలో ఇదే మెషిన్‌తో వెతకొచ్చా?

తడి_ఇసుక:
శ్రీ గారూ, ముందు పార్క్ 1 వదిలేయండి. ఉప్పునీటితో తడిసిన ఇసుకలో కరెంటు పారుతుంది. కాబట్టి డిటెక్టర్‌కి మీ కాయిల్ కింద ఉన్న తడి నేలంతా పరిచిన పల్చటి రేకులా కనిపిస్తుంది. కాయిల్ అర అంగుళం పైకి లేచినా ఆ సిగ్నల్ మారిపోతుంది, అదే మీరు వింటున్న కూత. బీచ్ 1 పెట్టండి. అది పొడి, తడి ఇసుక రెండింటికీ సరిపోతుంది. బీచ్ 2 నీళ్ళలో, విరిగే అలల్లో వెతకడానికి. అందులో మెషిన్ పంపే శక్తి తగ్గుతుంది కాబట్టి తడి ఇసుకకి అవసరం లేకుండా వాడొద్దు. రెండింట్లోనూ మల్టీ ఫ్రీక్వెన్సీలోనే (ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలతో పనిచేసే పద్ధతి) ఉంచండి. సింగిల్ ఫ్రీక్వెన్సీకి మారిస్తే ఉప్పును లోహం నుంచి వేరుచేసే దారి పోతుంది.

తర్వాత వరుస ఇది. తడి ఇసుక మీదే నిలబడండి, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాయిల్ కదలకుండా పట్టుకుని నాయిస్ క్యాన్సిల్ (చుట్టుపక్కల కరెంటు గోలని తప్పించే సెట్టింగు) చేయండి. లోహం లేని చోటు చూసుకుని, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల నుంచి వచ్చే సిగ్నల్‌ని తీసేసే సెట్టింగు) మెనూలో యాక్సెప్ట్/రిజెక్ట్ బటన్ నొక్కి పట్టుకుని, కాయిల్‌ని నేలకి సమాంతరంగా పైకీ కిందికీ ఆడించండి. శబ్దం సద్దుమణిగాక బటన్ వదలండి. పొడి ఇసుకలో చేసిన బ్యాలెన్స్ తడి ఇసుకలో పనికిరాదు, మారినప్పుడల్లా మళ్ళీ చేయాలి.

సెన్సిటివిటీ 22 ఎక్కువ. 16 నుంచి 18 మధ్య పెట్టి, స్వింగ్ చేస్తున్నప్పుడు నిశ్శబ్దంగా ఉన్న చోట ఆపండి. పెద్ద అంకె పెడితే లోతుగా చూస్తుందనుకుంటాం గానీ, కూతల మధ్య లోతు సిగ్నల్ చెవికి ఆనదు.

నడక కూడా మార్చాలి. నీటివైపు, ఒడ్డువైపు అడ్డంగా తిరిగితే ప్రతి నాలుగడుగులకీ తడి మారుతుంది, బ్యాలెన్స్ చెడుతుంది. నీటి అంచుకి సమాంతరంగా నడవండి. స్వింగ్ చివర్లో చేయి పైకి లేపడం చాలామందికి అలవాటు, తడి ఇసుకలో ఆ లేపడమే దొంగ సిగ్నల్. కాయిల్ కవర్‌లోకి నల్ల ఇసుక, ఉప్పునీళ్ళు చేరినా అదే పని చేస్తాయి. ఇంటికొచ్చాక కవర్ విప్పి మంచినీళ్ళతో కడగండి.

ఎక్కడ వెతకాలన్నది సెట్టింగుల కన్నా ముఖ్యం. బంగారం, సీసం బరువు కాబట్టి అలలు కదిపే కొద్దీ మెత్తటి ఇసుకలోంచి దిగి, గట్టి పొర మీద ఆగుతాయి. నార్ఈస్టర్ తుఫాను వచ్చి పైఇసుకను కోసుకుపోయాక ఆ పొర బయటపడుతుంది. గులకరాళ్ళు, పగిలిన గవ్వలు, నల్ల ఇసుక ఒకచోట చేరి, అక్కడే సీసపు గాలం బరువులు, క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు) తగులుతుంటే కదలొద్దు. బరువైనవన్నీ అలలు ఏరి పోసిన చోటు అదే. ఒకదాని మీద ఒకటి సగం కలిసేలా స్వింగులు వేస్తూ అక్కడే గళ్ళు గళ్ళుగా వెతకండి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఇచ్చే ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీరు పూర్తిగా వెనక్కి తగ్గే సమయానికి రెండు గంటల ముందు మొదలుపెడితే నీరు వెనక్కి వెళ్ళేకొద్దీ కిందికి దిగొచ్చు.

శాండీ హుక్ వైపు మాత్రం మెషిన్ తీసుకెళ్ళొద్దు. అది నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉన్న గేట్‌వే అనే జాతీయ వినోద ప్రాంతంలో భాగం. వాళ్ళ నిబంధనల ప్రకారం డిటెక్టర్‌తో వెతకడమే కాదు, వాడకానికి సిద్ధంగా దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. మిగతా బీచ్‌లకి ఆ టౌన్‌షిప్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి, ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి.

మేలిమి_చెవి:
22 క్యారెట్ల ప్రశ్న చాలా మంచిది. ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళు మన నగల్ని వదిలేసేది సరిగ్గా ఇక్కడే.

మేలిమి బంగారం కరెంటును రాగిలో 70 శాతం మేర మోస్తుంది. దానిలో రాగి, వెండి కలిపేకొద్దీ ఆ గుణం బాగా పడిపోతుంది. అందుకే ఒకే సైజు, ఒకే మందం ఉన్న రెండు ఉంగరాల్లో 22 క్యారెట్లది 14 క్యారెట్లదాని కన్నా పై అంకె చూపిస్తుంది. ఈక్వినాక్స్ మీద నికెల్ (అయిదు సెంట్ల నాణెం) 12, 13 దగ్గర, 1982 తర్వాతి జింక్ పెన్నీ (ఒక సెంటు) సుమారు 19 నుంచి 21, డైమ్ (పది సెంట్లు), పాత రాగి పెన్నీ 24 నుంచి 26, క్వార్టర్ 29, 30 చూపిస్తాయి. ఆడవాళ్ళ సన్నటి 14 క్యారెట్ల ఉంగరాలు నికెల్ కిందే ఉంటాయి. మగవాళ్ళు పెట్టుకునే మందపాటి 22 క్యారెట్ల ఉంగరం జింక్ పెన్నీ దాకా వెళ్ళగలదు. జింక్ పెన్నీలతో విసిగిపోయి ఆ అంకెల్ని రిజెక్ట్ చేసేవాళ్ళు, అంటే వాటికి మెషిన్ పలకకుండా పెట్టేవాళ్ళు, దాన్ని కూడా రిజెక్ట్ చేసినట్టే.

కానీ క్యారెట్ల కన్నా ఆకారం ప్రభావం ఎక్కువ. కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రం లోహంలో సుడి కరెంట్లు పుట్టిస్తుంది. ఆ సుడి తిరగడానికి ఎంత పెద్ద, తెగని దారి ఉంటే సిగ్నల్ అంత బలం. ఉంగరం అతుకు తెగకుండా ఉంటే గట్టిగా పలుకుతుంది, అతుకు పగిలితే అంకె ఒక్కసారిగా కిందికి దిగుతుంది. మెట్టెలు ఇందుకు మంచి ఉదాహరణ: వెండే అయినా చుట్టు పూర్తిగా కలవదు, అందుకే వెండి అనగానే ఊహించే పెద్ద అంకె రాదు. తాళిబొట్టు, కాసులు బిళ్ళలు కాబట్టి బాగా వినిపిస్తాయి. గొలుసే కష్టం. మూడు తులాల గొలుసైనా డిటెక్టర్‌కి అది ఒక్క ముక్క కాదు, వందల చిన్న చిన్న కడియాలు. ఒక్కో కడియంలో విడిగా చిన్న సుడి తిరుగుతుంది. తరచు మెషిన్‌కి తగిలేది కొక్కెం ఒక్కటే, అదీ 1 నుంచి 5 లోపు గీరినట్టుండే సిగ్నల్. నల్లపూసల తాడుదీ ఇదే కథ. దొరికితే లాకెట్ వల్లే దొరుకుతుంది.

ఇంట్లో ఉన్న ఉంగరం, బొట్టు, గొలుసు తీసుకుని పరీక్షించండి. గచ్చు మీద వద్దు, కాంక్రీటులో ఇనప ఊచలుంటాయి. పెరట్లో చెక్క బల్ల మీద ఒక్కోటీ పెట్టి, కాయిల్‌ని నాలుగు అంగుళాల ఎత్తులో ఊపి అంకె రాసుకోండి. తర్వాత ఉంగరాన్ని నిలువుగా నిలబెట్టి మళ్ళీ చూడండి, ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. ఆ కాగితమే మీ పట్టిక.

బీచ్‌లో నా సలహా: ఇనుము తప్ప దేన్నీ రిజెక్ట్ చేయొద్దు. 1 నుంచి 22 దాకా నిలకడగా, రెండువైపుల నుంచీ పలికే ప్రతిదీ తవ్వండి. పుల్ ట్యాబులు వస్తాయి, రానివ్వండి. వాటి అంకెలూ బంగారం అంకెలూ ఒక్కచోటే ఉన్నాయి, వాటిని విడదీసే మెషిన్ లేదు. తవ్వడానికి స్టెయిన్‌లెస్ స్టీల్ జల్లెడ స్కూప్ తీసుకోండి. దాని రంధ్రాలు సుమారు 3/8 అంగుళం ఉంటాయి కాబట్టి చెవిదిద్దు, తెగిన గొలుసు జారిపోతాయి. స్కూప్ ఖాళీ అయినా గుంటలో సిగ్నల్ పోయిందంటే, పోసిన ఇసుకని కాలితో పల్చగా పరిచి మళ్ళీ ఊపి చూడండి.

పేరు చెక్కిన ఉంగరం, తాళి దొరికితే పోలీసు స్టేషన్‌లో రాయించి, దగ్గర్లోని గుడి నోటీసు బోర్డులో, తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. ఫొటో మాత్రం పెట్టొద్దు. వాళ్ళనే గుర్తులు చెప్పమనాలి.

వీట్_పెన్నీ:
పార్కు సంగతి నేను చెప్తాను. అమెరికాలో 1964 దాకా ముద్రించిన డైమ్, క్వార్టర్, హాఫ్ డాలర్లలో 90 శాతం వెండి. 1965 నుంచి 1970 దాకా హాఫ్ డాలర్లలో 40 శాతం. 1942 నుంచి 1945 మధ్య యుద్ధకాలపు నికెల్స్‌లో 35 శాతం వెండి, వెనకవైపు భవనం పైన పెద్ద అక్షరం ఉంటుంది. వెనక గోధుమ కంకులున్న పెన్నీలు 1909 నుంచి 1958 వరకు. అంటే వీట్ పెన్నీ ఒకటి తగిలిందంటే అక్కడ పైమట్టిని ఎవరూ మార్చలేదు, వెండి కూడా ఉండొచ్చు అని గుర్తు. కొత్త మట్టి పోసిన చోట ఎంత తిరిగినా దండగ. కౌంటీ పాత ఏరియల్ ఫొటోలు చూసి అప్పటి నడకదారులు, పెద్ద చెట్ల మొదళ్ళు, పిల్లలు స్లెడ్ల మీద జారే వాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి.

సీసా మూత పైకి వెండిలా పలుకుతుంది. కాయిల్‌ని సిగ్నల్ మీద నుంచి మెల్లగా మీవైపు లాగండి. కాయిల్ కొన మూత మీదకి వచ్చేసరికి అంకె జారి ఇనప గురక వినిపిస్తుంది. నాణెం చివరిదాకా ఒకే అంకె మీద ఉంటుంది. 90 డిగ్రీలు పక్కకి తిరిగి మళ్ళీ ఊపండి, వంకర మేకైతే ఒకవైపే పలుకుతుంది.

పచ్చికలో తవ్వకం నీటుగా ఉండాలి. డిటెక్టర్లకి పార్కులు మూసేసేది గుంటల వల్లే. పిన్‌పాయింటర్ (వస్తువు ఉన్న చోటుని కచ్చితంగా చూపే చేతి డిటెక్టర్) లేకుండా తవ్వొద్దు. మూడువైపులా నాలుగంగుళాల లోతుకి కోసి, నాలుగోవైపు వేళ్ళు తెగకుండా తలుపులా తిప్పండి. మట్టి గుడ్డ మీద పోయండి, అయ్యాక అదే గుంటలోకి వంచి తొక్కండి. జూలై, ఆగస్టు ఎండల్లో నేల ఎండిపోయినప్పుడు ఇలా కోస్తే గడ్డి చస్తుంది, ఆ నెలల్లో బీచ్‌కే వెళ్ళండి.

ఎడిసన్_శ్రీ:
చాలా థాంక్స్ అండీ. నాణెం దొరికితే అక్కడే తుడిచి ఏ సంవత్సరమో చూడొచ్చా?

వీట్_పెన్నీ:
వేలితో రుద్దొద్దు. అంటుకున్న ఇసుకరేణువులే వెండి మీద గీతలు పెడతాయి, విలువ అక్కడే పోతుంది. నీళ్ళు చిమ్మే చిన్న సీసా దగ్గర పెట్టుకుని మట్టి జారనివ్వండి. ఇంట్లో డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ దగ్గరికి రానివ్వొద్దు. బంగారానికి గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు చాలు. ముత్యాలు, పచ్చలు పొదిగినదైతే సబ్బు కూడా వద్దు, తడిగుడ్డ సరిపోతుంది.

శాతవాహన_సీసం:
పల్నాడు పొలం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. శ్రీ గారూ, అక్కడ వెతకొద్దు.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉండి, 10 రూపాయలకి మించిన విలువున్నది ఏది దొరికినా, అదేమిటో, సుమారు విలువెంతో, ఎక్కడ, ఏ తేదీన దొరికిందో కలెక్టర్‌కి రాసివ్వాలి. దొరికినదాన్ని ట్రెజరీలో అప్పగించాలి, లేదా పూచీ ఇవ్వాలి. దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. తెలిసీ సహకరించిన భూమి యజమానికి ఆరు నెలల దాకా. అంటే మీ తాతగారికి. చట్టప్రకారం చెబితే, పాతిపెట్టిన యజమాని ఎవరూ తేలనప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువకి అయిదో వంతు కలిపి ఇస్తుంది. ఇక వందేళ్ళు దాటిన నాణేన్ని న్యూజెర్సీకి తీసుకెళ్తే 1972 పురావస్తు చట్టం కింద అక్రమ ఎగుమతి, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు.

చట్టం ఒక్కటే కాదు. మన నేలలో దొరికే శాతవాహనుల కాలపు నాణేల్లో చాలా భాగం సీసం, పోటిన్ (రాగి, సీసం, తగరం కలిసిన చవక మిశ్రమం). కరిగిస్తే చేతికేమీ రాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలని చూడండి. తొలి శాతవాహనుల చర్చ వచ్చిన ప్రతిసారీ ఆ ఊరి పేరు రావడానికి అక్కడ దొరికిన నాణేలే కారణం. ఏ నాణెం ఏ పొరలో, ఏ కుండపెంకు పక్కన ఉందన్నదే చరిత్రకారులకి కావాలి. పారతో పైకి లాగిన క్షణంలోనే అది పోతుంది. గుప్తనిధుల పేరుతో పాత గుళ్ళలో నందుల్ని, గర్భగుడి నేలని పగలగొట్టినవాళ్ళు మనకి చేసిన నష్టం పూడదు.

ఊళ్ళో ఎవరైనా "లాంగ్ రేంజ్ లొకేటర్" అమ్ముతామని, కిలోమీటరు దూరంలోని బంగారం చూపిస్తుందని వస్తే మీ చుట్టాలకి ముందే చెప్పి ఉంచండి. కాయిల్ సైజు దాటి దూరం వెళ్ళాక, దూరం రెట్టింపైతే చిన్న వస్తువు సిగ్నల్ ఇంచుమించు 64వ వంతుకి పడిపోతుంది. మీ 11 అంగుళాల కాయిల్‌కి నాణెం అడుగు లోతులో ఉంటేనే కష్టం. యాంటెన్నాలు పెట్టి లక్షలకి అమ్మే ఆ పెట్టెలో కాయిల్ కూడా ఉండదు.

పొలం దున్నుతుంటే నాణెం తనంతట తానే బయటపడితే మాత్రం కడగకుండా, చోటు గుర్తుపెట్టి, ఫొటో తీసి తహసీల్దారు ఆఫీసుకి చెప్పమనండి. కలెక్టర్‌కి రాతపూర్వకంగా ఇచ్చిన కాగితం నకలు దగ్గరుంచుకోమనండి.